బతికే ఉన్నారన్న కాగితం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలు వేర్వేరు పేటల నుంచి, వేర్వేరు వయసుల వారి నుంచి వచ్చినా, చదువుతూ ఉంటే అన్నిటిలోనూ ఒకే కౌంటరు, ఒకే కిటికీ కనిపించాయి. బాగేపల్లి తాలూకాలో పుట్టి, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడుతూ పెరిగి, బెంగళూరులోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు మొదట గుమస్తాగా, తరువాత సూపరింటెండెంటుగా ఆ కిటికీకి లోపలి వైపు కూర్చున్నవాణ్ణి కనుక, కొన్ని జవాబులు పొడవుగా వచ్చాయి.

ప్రశ్న: మా నాన్నగారు గుంతకల్లు డివిజన్‌లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఎనభై నాలుగేళ్లు, మా దగ్గరే ఉంటున్నారు. నిరుడు నవంబరు చివరి వారంలో లైఫ్ సర్టిఫికెట్ కోసం ఒక బ్యాంకు శాఖకు తీసుకువెళ్లాను. పది వేళ్లూ ఒకదాని తరువాత ఒకటి పెట్టించారు, ఒక్కటీ పడలేదు. కౌంటరులో ఉన్న అమ్మాయి "సిస్టం తీసుకోవడం లేదు, మళ్లీ రండి" అంది. "అమ్మా, నీ ఎదురుగానే నిలబడ్డాను కదా, బతికున్నానని ఇంకేం చూపించమంటావు?" అని నాన్నగారు అడిగారు. ఆమె తల దించుకుంది. రెండు నెలలు పింఛను ఆగింది. మనిషి కంటే యంత్రం మాటకే విలువా? – ఒక పాఠకురాలు, కృష్ణరాజపురం

జవాబు: అమ్మా, మీ నాన్నగారు అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే ఆ కాగితం ఎందుకు పుట్టిందో ముందు చెప్పి, అది ఎక్కడ దారి తప్పిందో తరువాత చెప్పాలి.

పింఛను ఇచ్చేవాడు ఊరి పెద్ద అయితే ఈ సర్టిఫికెట్‌తో పనే లేదు. ఊళ్లో ఎవరు పోయారో పొద్దున వినిపించే డప్పే చెబుతుంది. కానీ మీ నాన్నగారికి పింఛను పంపే కార్యాలయం ఆయన ముఖం ఎన్నడూ చూడలేదు. వేర్వేరు ఊళ్లలో స్థిరపడిన లక్షల మంది ఖాతాల్లోకి నెల నెలా డబ్బు తనంతట తాను వెళ్లిపోతూ ఉంటుంది, ఖాతాదారు పోయిన సంగతి ఖాతాకు తెలియదు. అందుకే ఏడాదికి ఒకసారి, నవంబరు నెలలో, ఈ మనిషి ఉన్నారని ఎవరో ఒకరు బాధ్యత తీసుకుని చెప్పాలన్న నియమం పెట్టారు. నియమంలో అనుమానం ఉన్నమాట నిజమే కానీ, ఆ అనుమానం ఎవరి మీదా ప్రత్యేకంగా పెట్టుకున్నది కాదు.

ముఖం చూడకుండా, అందరికీ ఒకే కాగితం అడిగే ఈ పద్ధతిని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ (1864–1920) చాలా నిశితంగా పరిశీలించాడు. ఆధునిక కార్యాలయానికి ఆయన చెప్పిన లక్షణాలు నా ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో రోజూ కళ్ల ముందు కనిపించాయి. పని అంతా రాతపూర్వకంగా జరగాలి. ప్రతి బల్లకూ ఒక హద్దు, దాని పైన మరొక బల్ల ఉండాలి. ఉద్యోగి వారసత్వంగా కాక అర్హత మీద వచ్చి జీతం మీద బతకాలి, కార్యాలయపు సొమ్మూ ఇంటి సొమ్మూ వేరుగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎదుటివాడి మీద కోపం గానీ అభిమానం గానీ లేకుండా పని చేయాలి. ఈ చివరి మాట వినడానికి రాయిలా ఉంటుంది. కానీ సిఫారసు చేసేవాడు లేని మనిషికి, కులం వల్ల గానీ బీదరికం వల్ల గానీ గడప బయటే నిలబడవలసి వచ్చిన మనిషికి, తన ముఖం చూడని కార్యాలయం ఒక పెద్ద రక్ష. ముఖం చూసి పని చేసే చోట ఆ మనిషికి పని ఎప్పుడూ జరగలేదు.

అయితే వెబర్ ఈ పద్ధతిని మెచ్చుకుని ఊరుకోలేదు. లెక్కలతో, నియమాలతో నడిచే ఈ ఏర్పాటు చివరికి మనిషి చుట్టూ ఉక్కు గూడులా బిగుసుకుంటుందని కూడా భయపడ్డాడు. మీరు నిలబడ్డ కౌంటరు దగ్గర జరిగింది అదే. నియమం అడుగుతున్నది "ఈయన ఉన్నారా" అని. వేలిముద్ర ఆ ప్రశ్నకు జవాబు చెప్పే దారులలో ఒకటి మాత్రమే. వయసు మీద పడ్డ చర్మం మీద, ఏళ్ల తరబడి చేతిపని చేసిన వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి, అది అందరికీ తెలిసిన సంగతే. కౌంటరు అమ్మాయి మనసులో ప్రశ్న చెరిగిపోయి దారి ఒక్కటే మిగిలింది. ఆమె తల దించుకుంది అంటున్నారు కనుక, ఆమెకు మీ నాన్నగారు కనబడ్డారు. కనబడినా, కనబడ్డారని రాసే అధికారం తన చేతిలో ఉందని ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

రికార్డు మనిషిని చంపేసిన సంఘటన ఈ దేశంలో జరిగింది. ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాలో లాల్ బిహారీ అనే రైతు చనిపోయినట్టు 1970ల మధ్యలో రెవెన్యూ రికార్డుల్లోకి ఎక్కింది. ఆయన వాటా భూమి బంధువుల పేరు మీదికి మారిపోయింది. తాను బతికే ఉన్నానని కాగితం మీద రాయించుకోవడానికి ఆయన పెద్ద పెద్ద నాయకుల మీద ఎన్నికల్లో పోటీ చేశాడు, భార్యకు వితంతు పింఛను ఇమ్మని అర్జీ పెట్టాడు, తన పేరు చివర 'మృతక్' అని తగిలించుకున్నాడు. 1994లో గానీ రికార్డు సరి కాలేదు. ఆ ఏళ్లన్నిటిలోనూ ఆయన్ని కళ్లారా చూసిన అధికారులు ఎందరో ఉండి ఉంటారు. చూసినది రాసే బాధ్యత మాత్రం తమది కాదని ఒక్కొక్కరూ అనుకున్నారు.

నేను చేసిన తప్పు కూడా ఇక్కడ చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో కుటుంబ పింఛన్ల బల్ల నాకు అప్పగించారు. ఒక ముసలామె వచ్చింది. భర్త సర్వీసు పుస్తకంలో పేరు చివర 'అప్ప' అని, మరణ ధృవీకరణ పత్రంలో 'అయ్య' అని ఉంది. రెండూ ఒకరే అన్న అఫిడవిట్ కావాలి, అది నియమం. నేను ఫారం మీద ఎర్ర సిరాతో 'పేరు తేడా' అని రెండు మాటలు రాసి వెనక్కి ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. మూడుసార్లు ఊరి నుంచి బస్సు ఎక్కి వచ్చింది, మూడుసార్లూ అదే కాగితం తెచ్చింది. మూడోసారి చీర కొంగు ముడి విప్పి, మడతలు పడ్డ బస్సు టికెట్లు బల్ల మీద పెట్టి, "అయ్యా, ఇందులో ఏం తక్కువైందో నోటితో చెప్పు నాయనా" అంది. అఫిడవిట్ అంటే ఏమిటో, ఎక్కడ రాయిస్తారో చెప్పడానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది. ఆ అయిదు నిమిషాలు మొదటి రోజు ఎందుకు ఇవ్వలేదని నేను నన్ను అడుగుతూనే ఉన్నాను. అఫిడవిట్ అడిగే హక్కు నాకు నియమం ఇచ్చింది. కారణం అర్థమయ్యేట్టు చెప్పి తీరాలని ఏ నియమమూ నన్ను కట్టిపడేయలేదు. కార్యాలయాలలో ఉన్న లోపాలలో ఇదే పెద్దదని నా అభిప్రాయం. మిగిలిన జవాబులలో కూడా దీని దగ్గరికే మళ్లీ మళ్లీ వస్తాను.

ఇక మీరు చేయవలసినది. ఎనభై ఏళ్లు దాటిన కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు నవంబరు దాకా ఆగనక్కర లేదు, అక్టోబరు 1 నుంచే ఈ పత్రం ఇవ్వవచ్చు. వేలిముద్ర పడని వారి కోసం 2021 నుంచి ముఖాన్ని గుర్తించే పద్ధతి అమలులో ఉంది, ఫోనులోనే ఇంటి దగ్గర చేసుకోవచ్చు. తపాలా శాఖ వారి పేమెంట్స్ బ్యాంకు ద్వారా పోస్టుమాన్ ఇంటికి వచ్చి చేసే సౌకర్యం కూడా ఉంది. ఇవేవీ కుదరకపోతే పాత పద్ధతి రద్దు కాలేదు. బ్యాంకు అధికారి ఎదుట స్వయంగా హాజరై గానీ, అధికారం ఉన్నవారి సంతకంతో గానీ కాగితం మీద లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. ఈసారి ఎవరైనా "సిస్టం తీసుకోవడం లేదు" అంటే, "ఆ మాటే కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇవ్వండి" అని మర్యాదగా అడగండి. రాయవలసి వచ్చినప్పుడు చాలామంది ఉద్యోగులకు రెండో దారి గుర్తుకు వస్తుంది.

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. నేను యలహంకలో ఉద్యోగం చేస్తున్నాను. కరణాలు ఉన్నప్పుడు మన లెక్క ఒక మనిషి తలలో ఉండేదని, ఇప్పుడు కంప్యూటరులో చూస్తే పొలంలో ఎకరా తక్కువ చూపిస్తోందని, అడుగుదామంటే ఎవరూ లేరని మా తాతగారు బాధపడుతున్నారు. పాత పద్ధతే మంచిదా? – ఒక పాఠకుడు, యలహంక

జవాబు: బాబూ, మీ తాతగారి బాధ నిజమైనదే. అయితే ఆయన జ్ఞాపకంలో కరణం కాస్త మెత్తబడి ఉన్నాడని నాకు అనిపిస్తోంది.

మీ ప్రాంతానికీ ఈ లెక్కలకూ ఉన్న సంబంధం చాలా పాతది. 1800లో నిజాం నుంచి కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) చేతికి వచ్చిన దత్త మండలాలకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు పని చేశాడు. ఊరంతటి శిస్తుకూ ఒక జమీందారును జవాబుదారుగా పెట్టకుండా, పొలం పొలాన్నీ కొలిపించి, ఒక్కొక్క రైతు పేరు మీదనే లెక్క కట్టే రైతువారీ పద్ధతికి ఆ జిల్లాల్లో గట్టి పునాది పడింది. ప్రభుత్వం మొదటిసారిగా సామాన్య రైతును పేరుతో ఎరిగింది అప్పుడే అనవచ్చు. పేరుతో ఎరగడంలో రెండు వైపులూ ఉన్నాయి. పట్టా చేతిలో ఉంటే ఇంకొకడు వచ్చి పొలంలోంచి దిగిపొమ్మనలేడు. పేరు దస్త్రంలో ఉంది కనుక పంట పండినా ఎండినా శిస్తు కోసం ఆ పేరు వెతుక్కుంటూ బంట్రోతు వస్తాడు. మన్రో పేరును రాయలసీమ ప్రజలు ఈనాటికీ ఆదరంగా తలుచుకుంటారు కానీ, ఆయన పద్ధతిలో శిస్తు భారం తక్కువేమీ కాదు.

ఈ లెక్కలన్నీ రాసింది కరణం. పదవి తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. ఆ రాత, ఆ గుర్తులు ఆయనకే అర్థమయ్యేవి. 'మన లెక్క ఒక మనిషి తలలో ఉండేది' అని మీ తాతగారు అన్నది అక్షరాలా నిజం, అందులోనే చిక్కు కూడా ఉంది. ఆ మనిషికి దయ ఉంటే మన లెక్క సరిగా ఉండేది, కోపం వస్తే గట్టు జరిగేది. ఆయన మీద ఫిర్యాదు చేయాలన్నా ఆయన రాసిన కాగితమే ఆధారం. మైసూరు రాష్ట్రంలో వంశపారంపర్య గ్రామ పదవులను 1961 నాటి చట్టంతోను, తమిళనాడులో 1980లోను, ఆంధ్రప్రదేశ్‌లో 1984లోను తీసివేశారు. ఉద్యోగాలు పోయిన కుటుంబాలలో చాలా బీదవి కూడా ఉన్నాయి, వారి కష్టాన్ని నేను తక్కువ చేసి చెప్పను. అయినా ఊరి భూమి లెక్క ఒక ఇంటి ఆస్తిగా ఉండకూడదన్న నిర్ణయం సరైనదే.

ఇక కంప్యూటరు సంగతి. కర్ణాటకలో 2000 ప్రాంతంలో మొదలైన 'భూమి' పథకం ద్వారా సుమారు రెండు కోట్ల పహాణీలను (పొలం ఎవరిది, ఎంత, ఏ పంట అని చెప్పే పత్రాలను) కంప్యూటరులోకి ఎక్కించారు. చేతిరాత పహాణీ చెల్లదన్నారు. పదిహేను రూపాయలు కట్టి ఎవరి పహాణీ అయినా ఎవరైనా తీసుకునే వీలు వచ్చింది. అన్నిటికంటే నాకు నచ్చినది, మ్యుటేషన్ (భూమి రికార్డులో పేరు మార్పు) అర్జీలను వచ్చిన వరుసలోనే చూడాలని యంత్రంలోనే కట్టుదిట్టం చేయడం. పై అర్జీని పక్కకు తోసి కింది అర్జీని ముందుకు లాగే వీలు గుమస్తాకు లేకుండా చేశారు. ఆ 'లాగడం' ఎంత ఖరీదు పలికేదో లోపల కూర్చున్న మా అందరికీ తెలుసు.

కానీ యంత్రంలోకి ఎక్కినది పాత లెక్కే. పాత లెక్కలో ఉన్న తప్పు, ఎక్కించేటప్పుడు వేలు జారి పడ్డ తప్పు, రెండూ ఇప్పుడు అచ్చు అక్షరాలతో, ముద్రతో, తప్పులా కనిపించకుండా బయటికి వస్తాయి. కరణం తప్పు రాస్తే కరణం ఇంటి ముందు కూర్చుని అడిగేవారు. ఇప్పుడు తెర మీద చూపించే ఉద్యోగికి దిద్దే అధికారం లేదు, దిద్దే అధికారం ఉన్నవారు తెర ముందు ఉండరు. కంప్యూటరు తీసుకువచ్చిన దూరం ఇదే. మీ పొలం ఆంధ్రప్రదేశ్‌లోనిది కనుక 2015లో వచ్చిన మీభూమి పోర్టలు నుంచి అడంగలు (పొలం, పంట వివరాల పత్రం), వన్-బీ (రైతు పేరు మీద ఉన్న భూమి చూపే పత్రం) ముందుగా తీసుకుని, పాత పాసుపుస్తకం, రిజిస్టరు దస్తావేజులతో సరిపోల్చి, ఏ సంవత్సరం దగ్గర ఎకరా తగ్గిందో గుర్తించండి. తగ్గిన సంవత్సరం తెలిస్తే సగం పని అయినట్టే. గ్రామ సచివాలయంలో గానీ మీసేవలో గానీ దిద్దుబాటు అర్జీ పెట్టి, రసీదు తీసుకోకుండా కదలకండి. తాసీల్దారు తిరస్కరిస్తే తిరస్కరించిన కారణం రాతలో అడగండి, ఎందుకంటే పై అధికారికి అప్పీలు చేసేటప్పుడు మీరు జవాబు చెప్పవలసింది ఆ కారణానికే.

మరొక మాట. అధికారి మారినప్పుడల్లా రెడ్డి వచ్చె మొదలాడు అన్నట్టు కథ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసి వస్తుందని చాలామంది అంటారు. ఆ బాధకు మందుగానే ఫైలు పుట్టింది. ఎడమ వైపు నోటు కాగితాల మీద ఎవరు ఏ తేదీన ఏమని రాశారో ఉంటుంది, కొత్తగా వచ్చినవాడు దాన్ని చదవాలి. మీ అర్జీ నంబరు, తేదీ మీ దగ్గర ఉంటే ఆ నోటు చదవక తప్పని స్థితి వస్తుంది.

ప్రశ్న: అఠారా కచేరికి ఆ పేరు ఎందుకు వచ్చింది? అన్ని శాఖలు నిజంగా అవసరమా? – ఒక విద్యార్థి, జయనగర

జవాబు: అఠారా అంటే పద్దెనిమిది. కోటలోని టిప్పు రాజప్రాసాదంలో ఇరుకుగా నడుస్తున్న పద్దెనిమిది శాఖల కోసం 1860లలో కబ్బన్ పార్కు పక్కన ఈ ఎర్ర భవనం కట్టి 1868లో పూర్తి చేశారు. ఇప్పుడు అందులో హైకోర్టు ఉంది. 1956లో పూర్తయిన విధాన సౌధ దానికి ఎదురుగా నిలబడి ఉంది, దాని నొసట 'ప్రభుత్వపు పని దేవుడి పని' అన్న అర్థం వచ్చే కన్నడ వాక్యం చెక్కించారు. శాఖలు ఎక్కువ కావడం తప్పేమీ కాదు, మంచినీళ్ల లెక్క తెలిసినవాడికి టీకాల లెక్క తెలియదు. ఒక శాఖ "అది మాది కాదు" అన్నప్పుడు ఎవరిదో చెప్పి, కాగితం అక్కడికి పంపించే బాధ్యత ఆ శాఖదే కావాలి. సమాచార హక్కు చట్టంలో ఈ బాధ్యత ఉంది. పొరపాటున వేరే కార్యాలయానికి వెళ్లిన దరఖాస్తును అయిదు రోజుల్లో సరైన చోటికి వారే పంపాలి. మిగతా అర్జీలన్నిటికీ అదే కట్టుబాటు ఉండాలని నేను కోరుకుంటాను.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటులో ఒక ఇంట్లో నగలు పోయాయి. అప్పటి నుంచి పనివాళ్లందరి సంచులూ గేటు దగ్గర సోదా చేస్తున్నారు. వాళ్లు వచ్చి వెళ్లే సమయాలు ఫోను యాప్‌లో మా అందరికీ కనిపిస్తాయి, వాళ్ల పనికి మేము చుక్కలు (స్టార్ రేటింగు) కూడా ఇవ్వవచ్చు. వాళ్లలో ఎక్కువమంది కర్నూలు, అనంతపురం వైపు నుంచి వచ్చిన మన తెలుగు ఆడవాళ్లే. నేను సంఘం కమిటీ సభ్యురాలిని. భద్రత కోసమే చేస్తున్నాం కదా అని అందరూ అంటున్నారు, నాకు మాత్రం మనసొప్పడం లేదు. – ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: అమ్మా, మీ మనసు ఒప్పకపోవడమే సరైనది.

ఇంగ్లండుకు చెందిన జెరెమీ బెంథామ్ (1748–1832) ఒక చెరసాల నమూనా గీశాడు. గుండ్రటి భవనం, చుట్టూ గదులు, నడుమ ఒక బురుజు. బురుజులో కావలివాడు ఉన్నాడో లేడో ఖైదీకి తెలియదు, తాను మాత్రం ఎప్పుడూ కనబడుతూ ఉంటాడు. కనుక కావలివాడు లేకపోయినా ఉన్నట్టే భావించి నడుచుకుంటాడు. ప్రభుత్వం చివరికి దాన్ని కట్టలేదు గానీ, ఆ ఊహ మాత్రం పోలేదు. ఈ ఊహ మొదట పుట్టింది ఖైదీల కోసం కాదు. రష్యాలో ఒక జమీందారీలో పని చేయిస్తున్న బెంథామ్ తమ్ముడు శామ్యూల్ కార్ఖానా పనివాళ్ల మీద కన్ను వేసి ఉంచడానికి ఆలోచించిన ఏర్పాటు అది. మీ గేటు దగ్గర ఉన్నది దాని మనవరాలే. పని మనిషి ఎన్నింటికి వచ్చిందో నాలుగు వందల ఇళ్లకు తెలుస్తుంది, ఆమెకు ఎవరు ఎన్ని చుక్కలు ఇచ్చారో, ఎందుకు తగ్గించారో ఆమెకు తెలియదు. చూసేవారు చూడబడరు, చూడబడేవారు అడగలేరు.

ఒక మనిషి మీద కారణంతో వచ్చిన అనుమానానికి చట్టంలో దారి ఉంది. ఒక వర్గం మొత్తం మీద పెట్టుకునే అనుమానం వేరు, దాని చరిత్ర మన తెలుగువారికి బాగా తెలిసి ఉండాలి. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911 నాటి కొత్త చట్టంతో అది మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. ఎరుకల వంటి సంచార కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా రిజిస్టర్లలో రాసి, వేలిముద్రలు తీసుకుని, హాజరు వేయించి, అనుమతి చీటీ లేకుండా హద్దు దాటనివ్వలేదు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో ఏర్పాటైన సెటిల్‌మెంటు, హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు దానికి పెట్టారు. అక్కడ పుట్టిన పసిబిడ్డ ఏ నేరం చేసిందని హాజరు పట్టీలో పెరిగింది? చట్టం 1952లో రద్దయింది. ఊరి పేరు చెబితే పని ఇవ్వడానికి జంకేవారు ఆ తరువాత కూడా ఉన్నారు. రిజిస్టరు కాలిపోయినా మచ్చ మిగులుతుంది. 'పనివాళ్లు' అన్న ఒక్క మాటతో నలభై మంది ఆడవాళ్ల సంచులు తెరిపించేటప్పుడు, మీ కమిటీ తనకు తెలియకుండానే ఒక చిన్న రిజిస్టరు రాస్తోంది.

బెంగళూరులోనే నివసించిన విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో వేసిన కేసులో, వ్యక్తి ఆంతరంగికత (ప్రైవసీ) ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా చెప్పింది. ఆ తీర్పు ప్రధానంగా ప్రభుత్వానికి సంబంధించినదే కావచ్చు గానీ, అందులోని గౌరవం గేటు లోపల కూడా ఉండాలి. కమిటీలో మీరు ఈ మాటలు పెట్టి చూడండి. సోదా ఉంటే అందరికీ ఉండాలి, ఇంటి యజమానుల డ్రైవర్లకూ, అతిథులకూ, యజమానులకూ. నలుగురి ముందు జరగకూడదు, ఆడవారిని ఆడవారే చూడాలి. చుక్కల పద్ధతి తీసివేయాలి. అది కుదరదంటే ఎవరు, ఎందుకు తగ్గించారో ఆమెకు చూపించి, ఆమె జవాబు కూడా దాని పక్కనే ఉంచాలి. ఒక మనిషిని గేటు దగ్గర ఆపేయాలంటే కమిటీ కారణం రాసి, ఆమె మాట విన్న తరువాతే ఆపాలి. మొదటి షరతు పెట్టగానే సోదా అవసరం ఎంతో సభ్యులకే తెలిసిపోతుందని నా అంచనా.

ప్రశ్న: నేను నారాయణపేట వైపు నుంచి వచ్చి హెబ్బాళ దగ్గర మేస్త్రీ పని చేస్తున్నాను. లేబర్ కార్డు కోసం తిరిగి తిరిగి చెప్పులరిగాయి. తొంభై రోజులు పని చేసినట్టు కాంట్రాక్టరు సంతకం కావాలంటారు, ఆయన పెట్టడు. అర్జీ ఇచ్చి నాలుగు నెలలైంది, ఏమైందో చెప్పేవారు లేరు. కన్నడం మాట్లాడతాను, రాయడం తెలుగే వచ్చు. (ఈ ఉత్తరం నా కొడుకు రాసి పెట్టాడు.) – ఒక మేస్త్రీ, హెబ్బాళ

జవాబు: మేస్త్రీ గారూ, మీరు అడుగుతున్నది ఎవరి దయా కాదు. భవన నిర్మాణ కార్మికుల కోసం పార్లమెంటు 1996లో చట్టం చేసింది. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల లోపు వారు, గడచిన పన్నెండు నెలల్లో తొంభై రోజులు నిర్మాణ పని చేసి ఉంటే, సంక్షేమ మండలిలో పేరు రాయించుకోవచ్చు. ఆ మండలికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందంటే, కట్టే ప్రతి పెద్ద భవనం ఖర్చులో నూటికి ఒక రూపాయి చొప్పున సెస్సు వసూలు చేస్తారు. అంటే మీరు గిలాబు చేసిన గోడల మీదనే ఆ డబ్బు పుట్టింది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత మీ విషయంలో సరిగ్గా సరిపోతుంది. చట్టం హక్కు ఇచ్చి, దాని తాళం చెవిని కాంట్రాక్టరు జేబులో పెట్టింది. ఆయన సంతకం పెట్టకపోవడానికి కారణం ఉంది. మిమ్మల్ని పనిలో పెట్టుకున్నానని రాసి ఇస్తే, రేపు ప్రమాదం జరిగినా, కూలి బాకీ పడినా ఆ కాగితం ఆయన మీదికే వస్తుంది. నిలవ జాగా లేని మనిషిని, ఎవరి కింద పని చేస్తున్నాడో నిరూపించలేని మనిషిని, అతనిని దాచిపెట్టడం వల్ల లాభపడేవాడి దగ్గరికే సాక్ష్యం కోసం పంపించడం ఈ ఏర్పాటులోని అన్యాయం. దీన్ని నేను గుమస్తాల తప్పు అనలేను, నియమం రాసినవారే ఆలోచించవలసింది. కాంట్రాక్టరు సంతకం దొరకని వారు రిజిస్టరైన నిర్మాణ కార్మిక సంఘం ద్వారా గానీ, కార్మిక శాఖ అధికారి ద్వారా గానీ ధృవీకరణ తెచ్చుకునే దారి ఉంది. హెబ్బాళ చుట్టుపక్కల పని చేసే సంఘం వారిని ముందు కలవండి. హాజరు పుస్తకంలో పేరున్న పేజీని, కూలి ముట్టినట్టు ఫోనులో వచ్చిన సందేశాలను జాగ్రత్త చేసి ఉంచుకోండి.

ఇక నాలుగు నెలల మౌనం సంగతి. కర్ణాటకలో 2011లో సకాల చట్టం చేశారు, 2012 నుంచి రాష్ట్రమంతటా అమలవుతోంది. దాని పరిధిలోని సేవ ఏదైనా సరే, అర్జీ ఇచ్చిన రోజునే పదిహేను అంకెల నంబరుతో రసీదు ఇవ్వాలి, గడువు తేదీ చెప్పాలి. గడువు దాటితే రోజుకు ఇరవై రూపాయల చొప్పున, అయిదు వందలు మించకుండా, ఆలస్యం చేసిన అధికారి జీతం నుంచి మీకు పరిహారం రావాలి. మొత్తం చిన్నదే. కానీ ఆలస్యానికి ఒక పేరు, ఒక బల్ల ఉన్నాయని ఒప్పుకున్న చట్టం కనుక అది నాకు గౌరవనీయం. మీ రసీదు మీద అటువంటి నంబరు ఉందేమో మీ అబ్బాయిని చూడమనండి.

నంబరు లేకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. రుసుము పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. కర్ణాటక నిబంధనల ప్రకారం దరఖాస్తు ఒకే విషయం మీద, నూట యాభై మాటలు మించకుండా ఉండాలి, మీకు అన్ని మాటలు అక్కరలేదు. మూడు ప్రశ్నలు చాలు. నా అర్జీ ఏ తేదీన ఎవరి బల్ల మీద ఉంది? ఎన్ని రోజులు ఉంది? ఏ నియమం ప్రకారం ఆగింది? మొదటి జవాబు నచ్చకపోతే ముప్ఫై రోజుల్లోగా పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

భాష గురించి మీరు దిగులు పడ్డట్టున్నారు. దరఖాస్తు ఇంగ్లీషులో గానీ, హిందీలో గానీ, ఆ ప్రాంతపు అధికార భాషలో గానీ ఉండాలని చట్టంలో ఉంది, కనుక బెంగళూరులో తెలుగులో రాసిన దరఖాస్తును వారు తీసుకోనక్కర లేదు. కానీ అదే సెక్షనులో, రాసి ఇవ్వలేని మనిషి నోటితో అడిగితే, ఆ అడిగినదాన్ని కాగితం మీద పెట్టడానికి సమాచార అధికారి సాయం చేయాలని కూడా ఉంది. మీకు కన్నడం మాట్లాడడం వచ్చు కదా. ఆ కార్యాలయానికి వెళ్లి, కుర్చీ అడిగి కూర్చుని, పైన చెప్పిన మూడు ప్రశ్నలూ చెప్పండి. ఆయన రాసిన తరువాత చదివి వినిపించమనండి, మీరు చెప్పినట్టే ఉంటే కింద తెలుగులో సంతకం పెట్టండి. సంతకం ఏ భాషలో ఉన్నా చెల్లుతుంది.